ఒక్క హై, రెండు హైలు

మొన్నొక ఉదయం కొండాపూర్‌లో మా ఇంట్లో నేను దోసెలు వేస్తుంటే, మా అమ్మాయి హాల్లో కూర్చుని జపాన్ వాళ్ళతో మీటింగులో ఉంది. అవతల ఎవరో పెద్దమనిషి తన భాషలో చెప్పుకుపోతున్నాడు, ఆ మాటలు లాప్‌టాప్ తెర అడుగున ఇంగ్లీషులో పడుతున్నాయి, ఇదేమో మైకు ఆపేసి దోసె తింటూ తీరిగ్గా చదువుకుంటోంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా వంటింట్లోంచి నా నోరు దానంతటదే జపనీస్‌లో ‘హై’ అంటోంది. ఏంటమ్మా గొణుగుతున్నావ్ అని నవ్వింది మా అమ్మాయి. నవ్వదూ మరి! ఆ ఒక్క మాట కోసం వాళ్ళమ్మ పడ్డ పాట్లు దానికేం తెలుసు, అప్పటికి దానికింకా నడకే సరిగ్గా రాలేదు.

అవి హైటెక్ సిటీలో అద్దాల మేడలకన్నా బండరాళ్ళూ తుమ్మచెట్లూ ఎక్కువగా కనిపించే రోజులు. మీలో ఆ రోజుల్లో అక్కడ బస్సు దిగి ఎర్రదుమ్ములో నడిచినవాళ్ళుంటే నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. మేం మూసాపేటలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మావారు ఒక ఆస్పత్రిలో నర్సు. నేను తెనాలిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునే టీచరుద్యోగం వదిలి, కంప్యూటర్ కోర్సు చేసి, ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పనికి కుదిరాను. టెస్టింగ్ అంటే మరేం లేదు, ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు పట్టడం. తప్పులు పట్టడంకన్నా సుఖమైన పని టీచరుకి ఇంకేముంటుంది చెప్పండి!

అంతా బాగుందనుకుంటుండగా అమెరికా పనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, సగం మందిమి పనిలేక కూర్చున్నాం. అప్పుడొచ్చింది జపాన్ వాళ్ళ పని. వాళ్ళకు ఇంగ్లీషు రాదు, వారానికోసారి ఫోన్లో వాళ్ళ భాషలోనే మాట్లాడగలిగేవాళ్ళు కావాలి, అలాంటివాళ్ళకే ఉద్యోగం నిలుస్తుందన్నారు. నా ఉద్యోగం పోతే ఒక్క జీతంతో ఈ ఊళ్ళో నెగ్గుకురాలేం. నేను పాపనెత్తుకుని తెనాలి వెళ్ళి మళ్ళీ బడిలో చేరాలి, ఆయన ఇక్కడ ఒంటరిగా ఉండాలి. ఆ మాట ఇద్దరం పైకి అనుకోలేదు గానీ, పాప ఆయన భుజం మీద నిద్రపోతే దింపి పక్కమీద పడుకోబెట్టమని నేను అనేదాన్ని కాదు.

జపాన్‌లో చాలాకాలం కాపురం చేసివచ్చిన ఒక పెద్దావిడ మాకు పాఠాలు చెప్పేవారు. మా గుంపులో కాన్వెంటులో చదివిన పిల్లలు ఇంగ్లీషులో ఆలోచించుకుని, ఆ వాక్యాన్ని జపనీస్‌లోకి తిప్పబోయి, తలా తోకా తారుమారై చిక్కుపడేవారు. నాకు ఇంగ్లీషే అంతంతమాత్రం కనుక ఆ దారి నాకు మొదటినుంచీ లేదు. ఒకరోజు ఆవిడ ‘యత్తె మిమాస్’ అనే మాటను ఇంగ్లీషులో ఎంతసేపు వివరించినా ఎవరికీ ఎక్కలేదు. యత్తె అంటే చేసి, మిమాస్ అంటే చూస్తాను అని విడదీశారు. ఓస్, ఇంతేనా, ‘చేసి చూస్తాను’! మన మాటే! ఆ రోజునుంచి నేను ఇంగ్లీషుని గుమ్మం బయట చెప్పులతోపాటే వదిలేసి, తెలుగు వాక్యంలో మాట తీసి మాట పెట్టుకుంటూ పోయాను. క్రియ మనలాగే చివరికొస్తుంది, పెద్దవాళ్ళకు మనలాగే మన్నన ఉంటుంది. నాకు భాష వచ్చేసిందని గర్వం కూడా పట్టుకుంది.

గర్వం ఫోను మోగేదాకానే. అవతల మాట్లాడేది ఆ ఆఫీసులో పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు ఊఁ కొట్టకూడదని అమెరికా ఫోన్ల కోసం మాకు బాగా నూరిపోశారు కనుక, నేను బుద్ధిగా నోరుమూసుకుని విన్నాను. ఆయన రెండు ముక్కలు చెప్పడం, ఆగి ‘మోషి మోషి’ అనడం. అంటే హలో హలో అని. చివరికి ఆయనే పెట్టేశాడు.

మా టీమ్ లీడరు కరీంనగర్ వైపు అతను, నన్ను అక్కా అనేవాడు. “అక్కా, గాయన లైను కట్టయిందనుకున్నడంట. జర నోరు తెర్వు!” అన్నాడు.

తెరిచాను. మరుసటి వారం ఆయన ఏం చెప్పినా ‘హై హై’ అన్నాను. పెద్దవాళ్ళతో ఒక్కసారి సరే అని ఊరుకుంటే మనకు ముక్తసరిగా ఉంటుంది కదా, ‘అలాగేనండి, అలాగేనండి’ అంటేనే మర్యాద. నేను ఎంత మర్యాద చేస్తే ఆయన గొంతు అంత బిగుసుకుపోయింది.

ఫోను పెట్టాక అవతలినుంచి కబురొచ్చింది. “పెద్దాయన నారాజ్ అయిండంట అక్కా. ఇగ వచ్చే వారం ఒక్క ఛాన్స్. మళ్ల గిట్లనే అయితే నేను గూడ ఏం చెయ్యలేను” అన్నాడు లీడరు, నా మొహం చూడకుండా.

ఏడుపు దిగమింగుకుని పెద్దావిడ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ విని, తల పట్టుకుని, పడీపడీ నవ్వారు. “ఒక్క హై అంటే చిత్తమండీ అని. రెండు హైలంటే సరేలే, ఇక ఆపు అని! పాపం, ఆయన్ని ఫోన్లో ఉన్నంతసేపూ ఆపెయ్యమన్నావమ్మా” అన్నారు. ఒక్కసారే అనాలి, ఆయన ఊపిరి తీసుకునే చోట అనాలి, అది ఒప్పుకోవడం కాదు, వింటున్నానని చెప్పడం అన్నారు.

ఊఁ కొట్టడమే! అదెలాగో నాకొకరు నేర్పాలా? మా నాయనమ్మ బైబిలు కథలు చెప్పేటప్పుడు నేను ఊఁ అనకపోతే, యోసేపుని అన్నలు తోసిన గోతిలోనే వదిలేసి అటు తిరిగి పడుకునేది. యోసేపు బయటపడాలంటే నేను ఊఁ కొట్టాలి. మూడో ఫోనులో ఆ పెద్దాయన్ని మా నాయనమ్మే అనుకున్నాను. ఆయన ఆగిన ప్రతిచోటా ఒక్క హై, మెత్తగా. కాసేపటికి ఆయన గొంతు వదులైంది, మాట నిదానమైంది, నాకు తెలియని మాట వస్తే ఆయనే ఇంకోలా చెప్పాడు. చివర్లో ఏదో కష్టమైన పని అడిగితే ‘యత్తె మిమాస్’ అన్నాను. ఆయన నవ్వాడు. ఫోను పెట్టేసరికి లీడరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. “సంపినవ్ పో అక్కా!” అన్నాడు. మేం మూసాపేట వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు.

తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ భాషే నాకు అన్నం పెట్టింది. మరుసటి ఏడు పెద్దాయన రిటైరయ్యే వారం చివరి ఫోనులో, మీ భాషలో హైని ఏమంటారని అడిగాడు. ఇంట్లోవాళ్ళతో ‘ఊఁ’, బయటి పెద్దవాళ్ళతో ‘ఆఁ’ అంటామని చెప్పాను. ఇక సెలవు, మీరు ఓపిక పట్టబట్టే నా కాపురం ఒక్కచోట నిలిచిందని వచ్చీరాని జపనీస్‌లో నేను చెబుతుంటే, నేను తడబడి ఆగిన ప్రతిచోటా, అవతలినుంచి ఆయన “ఆఁ... ఆఁ...” అంటూ విన్నాడు. తెలుగులో విన్నాడు! నాకు వచ్చిన మాటలన్నీ అయిపోయి ఆగిపోతే, అప్పుడు కూడా మెల్లగా “ఆఁ” అన్నాడు.

ఇప్పుడు ఆ కష్టాలేం లేవు, యంత్రం అన్నీ తర్జుమా చేసి పెడుతోంది. మంచిదే, మా పిల్లలు మాలాగా ఏడవనక్కర్లేదు. అవతలివాళ్ళు చెప్పేది వీళ్ళకు అక్షరం పొల్లుపోకుండా తెలుస్తోంది. వీళ్ళు వింటున్నారని మాత్రం వాళ్ళకెవరూ చెప్పడం లేదు.