పసుపు సకినాలు

ఆ రోజుల్లో ఏ పండుగ ఎప్పుడొస్తుందో తెలియడానికి మా ఇంట్లో క్యాలెండర్ అక్కర్లేదు, ముక్కు ఉంటే చాలు. శనగపప్పు, బెల్లం కలిసి ఉడికే వాసన వస్తే ఉగాది బచ్చాలన్నమాట. పేలపిండి వాసన వస్తే తొలి ఏకాదశి. నువ్వులు, పల్లీలు, పెసలు వరసగా వేగుతుంటే సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చినట్టే. తడి బియ్యప్పిండిలో వాము నలిపిన వాసన వచ్చిందా, ఇక సంక్రాంతి, సకినాలు. ఇప్పుడేమో సకినాలు ఏడాది పొడవునా మిఠాయి దుకాణంలో ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. నేనూ అవే కొంటాను (కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఏం చెయ్యను). ఆ ప్యాకెట్ విప్పినప్పుడల్లా ఎనిమిదో తరగతిలో నేను వెలగబెట్టిన ఘనకార్యం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. మా ఇంట్లో పిల్లలకు ఇది అలవాటైపోయింది, ఎందుకని అడగడం కూడా మానేశారు.

మాది వరంగల్ కొత్తవాడలో నేతపని ఇల్లు. ముందు గదిలో గుంటమగ్గం, వెనక వంటగది, మధ్యలో మేము. మా బాపమ్మకు, అంటే మా నాయిన తల్లికి, సకినాల విషయంలో కొన్ని శాసనాలు ఉండేవి. సకినం మల్లెపువ్వంత తెల్లగా ఉండాలి. కాస్త రంగు తిరిగినా నూనె పాతదనో, చేసినామె ధ్యాస పొయ్యి మీద లేదనో నలుగురూ అనుకుంటారట. పిండిని వేళ్ల మధ్య నలుపుతూ చుట్లు చుట్లుగా తిప్పి పెట్టడానికి తెల్లబట్ట కావాలి కదా, అది మాత్రం బజారు బట్ట కాకూడదు. ఆ నెలలో మా నాయిన మగ్గం మీద నుంచి దిగిన మొదటి బట్ట సకినాలకే. దాన్ని గంజి పోయేలా ఉతికి, నాలుగు మూలలా చుక్కంత పసుపు పెట్టి, ఎండలో ఆరేసి పరవాలి. ఈ పని ఇంట్లో పెళ్లికాని పెద్ద ఆడపిల్లది. ఎప్పుడూ మా అక్క చేసేది. ఆ ఏడు ఎండాకాలంలో అక్క పెళ్లయి డోర్నకల్ వెళ్లిపోవడంతో ఆ పదవి నాకు దక్కింది. పదవి అని ఊరికే అనడం లేదు, వారం రోజులు బడిలో అందరికీ చెప్పుకున్నాను.

పెళ్లయ్యాక మొదటి సంక్రాంతికి అక్క ఇంటికి రావాలి. కానీ బావకు రైల్వేలో సెలవు దొరకలేదు. అందుకని మేమే సారె పంపాలి, సారెలో గంపెడు సకినాలు ఉండాలి. అమ్మకు దిగులు పట్టుకుంది. దిగులంతా అక్క అత్తగారి గురించి. ఆమెకు మేము చాటుగా పెట్టుకున్న పేరు టీసీ అత్తమ్మ. రైల్లో టికెట్ చూసినట్టు ఏ వస్తువునైనా వెలుతురుకు ఎత్తి, తిప్పి చూసి గానీ పక్కన పెట్టదు. పెళ్లిలో అప్పడాన్ని కూడా అలాగే ఎత్తి చూసింది (అప్పడంలోంచి ఏం కనపడిందో దేవుడికెరుక). సకినాలు కాస్త అటూ ఇటూ అయితే అక్కకు ఏడాది పొడవునా దెప్పుళ్లు తప్పవని అమ్మ భయం. ఆ భయం నాకూ అంటుకుంది. అక్క కోసం నేను కూడా ఏదైనా గొప్ప పని చెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

ఆ అనుకోవడమే కొంప ముంచింది. చుక్కంత పసుపు పెడితేనే శుభం కదా, మరి బట్టంతా పసుపైతే అక్కకు ఎంత శుభం? నూలుకు రంగు అద్దడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు తెలియని విద్యా? అమ్మ పిండి పట్టించడానికి గిర్నికి పోయిన సమయం చూసుకుని నీళ్లు కాచాను. డబ్బాలో ఉన్న పసుపంతా గుమ్మరించి, మా నాయిన నూలు ముంచినట్టే బట్టను మూడుసార్లు ముంచి పిండాను. దండెం మీద ఆరేస్తే చామంతిపువ్వు రంగులో మెరిసిపోయింది. రంగు నిలవాలంటే పటిక వెయ్యాలన్న సంగతి నాకు తెలుసు. వెయ్యడం మాత్రం మర్చిపోయాను.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లంతా సకినాలు చుట్టడానికి వచ్చారు. బట్టను చూసి వాళ్లెవరికీ అనుమానం రాలేదు సరికదా, అందరూ మెచ్చుకున్నారు. ఆడపిల్ల సారెకు పసుపుబట్ట పరిచారు, ఎంత కళగా ఉందో అన్నారు. బాపమ్మకు అప్పటికే కళ్లలో పొర వచ్చింది, ఆమెకు ఏ బట్టైనా ఒకటే. అమ్మ నావైపు కాస్త అనుమానంగా చూసింది గానీ నలుగురూ మెచ్చుకుంటుంటే ఏమీ అనలేకపోయింది. ముందు పిండితో గౌరమ్మను చేసి పెట్టి, పాటలు పాడుకుంటూ మధ్యాహ్నానికల్లా బట్టంతా నింపేశారు. నేను మహారాణిలా అటూ ఇటూ తిరుగుతూ అందరికీ మంచినీళ్లు అందించాను.

పిండి ఆరిన తరువాత అమ్మ మొదటి సకినాన్ని పైకి తీసింది. పైన తెలుపు, కింద పసుపు. పక్కది తీసింది, అదీ అంతే. తడిపిండి బట్టలోని పసుపునంతా పీల్చేసుకుంది. నూనెలో వేస్తే పోతుందేమోనని ఒకామె ధైర్యం చెప్పింది. పోలేదు, పై భాగానికి కూడా ఎక్కింది. అన్నీ వేయించి గంపలో పోస్తే కమలాపండ్ల గంపలా ఉంది. మళ్లీ చెయ్యడానికి నానబెట్టిన బియ్యం లేవు, మర్నాడు పొద్దున్నే మా చిన్నాయన, అంటే నాయిన తమ్ముడు, సారె తీసుకుని ప్యాసింజరు బండికి బయలుదేరాలి. అమ్మ పొయ్యి ముందే కూలబడిపోయింది.

"ఇవి పంపితే నా బిడ్డ ఆ ఇంట్ల తలెత్తుకుంటదా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మగ్గం గుంటలో దాక్కుని ఏడ్చాను. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉండింది.

అప్పుడు బాపమ్మ ఒక సకినం అడిగి తీసుకుని, ఉన్న నాలుగు పళ్లతో మెల్లగా కొరికి, రుచి మంచిగానే ఉందని తేల్చింది. తరువాత మా చిన్నాయనను పిలిచింది. "ఏడిస్తే తెల్లగైతయా? ఆడివిల్ల సారెకు మా ఇంట్ల పసుపు సకినాలే పంపుతమని చెప్పు. ఆనవాయితీ అంటే ఎవ్వరడగరు" అంది.

మా చిన్నాయన అబద్ధం చెప్పలేడు. సత్యహరిశ్చంద్రుడని కాదు, చెబితే చెమటలు పడతాయి. "అవ్వా, నాతోని కాదే. గట్లాంటి ఆనవాయితీ మనకేడిది?" అన్నాడు.

"ఇయ్యాల్టి సంది ఉన్నది" అంది బాపమ్మ. దానికి తిరుగులేదు.

చిన్నాయన ధైర్యం చాలదని నన్ను కూడా తోడు పంపారు. బండిలో గంప ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడవునా ఆయన ఆ ఒక్క మాటే వల్లె వేశాడు. మహబూబాబాద్ దాటేసరికి నాకు కంఠతా వచ్చింది, ఆయనకు రాలేదు. డోర్నకల్‌లో దిగి, రైలు పట్టాల పక్కనే ఉన్న వాళ్లింటికి నడిచి వెళ్లాం. అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది, గంప మీది బట్ట తీయగానే ఆ నవ్వు ఆగిపోయింది.

టీసీ అత్తమ్మ ఒక సకినం తీసుకుని, మేము అనుకున్నట్టే కిటికీ వెలుతురుకు ఎత్తింది. ఒకవైపు చూసింది, తిప్పి రెండోవైపు చూసింది. పచ్చగా ఉన్నాయేమిటని చిన్నాయనను అడిగింది. ఆయన నోరు తెరిచి, మూసి, తువ్వాలతో మెడ తుడుచుకుని, మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తాగి మళ్లీ మెడ తుడుచుకున్నాడు. ఇక లాభం లేదని నేనే అందుకున్నాను.

"మా ఇంట్ల ఆనవాయితీ అత్తమ్మా. ఆడివిల్ల సారెకు పసుపు సకినాలే పంపుతరు."

ఆమె నన్ను చూసింది, చిన్నాయనను చూసింది, తలుపు దగ్గర కొంగు కొస నలుపుతున్న అక్కను చూసింది. తరువాత ఆమె సకినం కొరికి, నమిలి, తాపీగా అంది. "ఈ పద్ధతి మాకు గూడ ఉండె. మా అత్త పోయినంక ఇడిసిపెట్టినం. మీరు ఇంకా జరుపుతాన్రు, సంతోషం."

లేని ఆనవాయితీ వాళ్లింట్లో కూడా ఉండేదట. తెలియదని ఒప్పుకోలేక అలా అందనుకుని, తిరుగు బండిలో నేను, చిన్నాయన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నాం. ఆమె ఆ సకినాలు రైల్వే క్వార్టర్లన్నింటికీ పంచి, ఆ పద్ధతి వివరం కూడా చెప్పిందట. ఇక మాకు గత్యంతరం లేకపోయింది. ఏటేటా డోర్నకల్‌కు మాత్రం అమ్మ పిండిలో పసుపు కలిపి సకినాలు చేసి పంపింది. తరువాత నా పెళ్లయితే నా సారెకూ అవే వచ్చాయి. మొన్న అక్క కోడలు ఫోన్‌లో పసుపు సకినాల విశిష్టత గురించి నాకు పావుగంట పాఠం చెప్పింది. పసుపు ఆరోగ్యమట, పూర్వీకులు ఊరికే పెట్టలేదట, మా తరానికి ఇవన్నీ పట్టవట. నేను ఊఁ కొడుతూ విన్నాను.

ఈ కథను నేను ఇన్నేళ్లుగా ఎంతోమందికి చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్ల టీసీ అత్తమ్మంతటి మనిషిని బోల్తా కొట్టించిన కథగానే చెప్పాను. ఆ రోజు కోడలు పాఠం ముగించి ఫోన్ అక్కకు ఇస్తే, అక్కతో కూడా అదే అన్నాను. అప్పుడు అక్క, వాళ్ల అత్తగారు పోయేముందు దవాఖానలో తనతో అన్న మాట చెప్పింది.

"ఆ పద్ధతి మాకెక్కడిది పిల్లా? మీ చిన్నాయన చెమటలు చూసి నాకప్పుడే సమజైంది. మొదటి పండుగ నాడు కోడలు ఏడిస్తే ఇంటికి మంచిగుంటదా? నోటికి ఏదొస్తే అది అన్న" అందట.

ఆమెకు పసుపు సకినాలు అసలు నచ్చేవే కావట. తెల్లవంటే ప్రాణమట. అయినా ఇరవై ఏళ్లు మేము పంపినవి మారు మాట్లాడకుండా తింది. మేమేమో ఆమెకు కోపం వస్తుందని ఇరవై ఏళ్లు పసుపు కలుపుతూనే ఉన్నాం. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఆమె బతికుండగా ఒక్క గంపెడు తెల్ల సకినాలు నా చేత్తో చేసి డోర్నకల్ తీసుకెళ్లి ఇచ్చేదాన్ని.