పసుపు రాసిన ఎలుకపిల్ల

ఆ ఆదివారం టెక్సస్‌లో, ప్లేనోలోని మా తెలుగు చర్చికి నేను తీసుకెళ్లిన కోడికూర గిన్నె నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది. మూత తీసినవాళ్లే లేరు. పాము కోసం మా ఫ్రీజర్‌లో చచ్చిన ఎలుకపిల్లలు పెట్టుకున్నామని ఎవరో చెప్పారట. వాటికి వేరే ఫ్రీజర్ ఉందనీ, అది గరాజ్‌లో ఉందనీ చెబుదామంటే అడిగినవాళ్లు లేరు. "పాముక్కూడా మీరే వండిపెడతారంట కదండీ," అని ఒకావిడ నవ్వింది. ఆవిడ ఇంటికి నేను మళ్లీ వెళ్లలేదు. వెళ్లను కూడా.

పాము మా అమ్మాయిది. తను అప్పుడు తొమ్మిదో క్లాసు. నారింజరంగు కార్న్ స్నేక్, విషం లేనిది, పెన్సిలంత లావు. తెచ్చుకునే ముందు అమ్మాయి నన్ను అడగలేదు, వాళ్ల నాన్నని అడిగింది. అదీ నాకు గుర్తే. ఆ చలికాలం పాము తిన్నది తిన్నట్టు కక్కేసింది. రెండోసారీ అంతే. ఇంకోసారి కక్కితే బతకడం కష్టమన్నాడు పాముల్ని చూసే డాక్టరు. కొన్నాళ్లు కడుపు ఖాళీగా ఉంచి, ఆ తర్వాత ఇంకా వెంట్రుకలు రాని ఎలుకపిల్లకి వీపు మీద గాట్లు పెట్టి ఇమ్మన్నాడు. తోలు తెగి ఉంటే కడుపులోని రసాలు త్వరగా లోపలికి దిగి, తేలిగ్గా అరుగుతుందట.

అమ్మాయి కత్తి పట్టుకుంది, మళ్లీ కింద పెట్టేసింది.

"మమ్మీ, ఐ కాన్ట్. నువ్వు చేస్తావా?"

"ఇప్పుడు గుర్తొచ్చానా? తెచ్చేటప్పుడు డాడీ కదా."

"ప్లీజ్, మమ్మీ. అది చచ్చిపోతది."

అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. కత్తి నేనందుకున్నాను.

గాట్లు పెట్టడం నాకు కొత్త కాదు. ఉప్పూకారం లోపలికి పట్టాలని చేపలకి పెట్టినవే. కవరుతో సహా గోరువెచ్చని నీళ్లలో ఉంచి కరిగించిన ఆ ఎలుకపిల్ల నా చిటికెనవేలి కొసంత ఉంది. కళ్లయినా తెరవలేదు. నొప్పి పుడుతుందేమో అన్నంత మెల్లగా సన్నటి గాట్లు పెట్టాను. ఆ తర్వాత చేతులు వాటి అలవాటున అవే పనిచేసుకుపోయాయి. ఉప్పు, పసుపు రాసి కడిగాను. మా ఇంట్లో నీచు ఏదైనా అలాగే శుభ్రమవుతుంది.

పాము నాలుక ఆడించి, తల తిప్పుకుని, గాజుపెట్టెలో చెక్క కింద దూరింది.

"మమ్మీ, ఇది ఎందుకు యెల్లోగా ఉంది?"

"కడిగాను."

"దేంతో?"

"పసుపుతో. ఇంక దేంతో కడుగుతారు?"

"యూ మారినేటెడ్ ఇట్?"

ఏడుస్తున్న పిల్ల నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. డాక్టరు పసుపు రాయమనలేదు, నిజమే. రాయొద్దనీ అనలేదు. అన్నీ చెప్పినవాడు ఆ ఒక్క ముక్కా చెప్పొద్దా?

ఇంకోదాన్ని కరిగించాం. ఈసారి అమ్మాయి నా వెనక నిలబడి, గడ్డం నా భుజానికి ఆనించి చూసింది. "జస్ట్ కట్, మమ్మీ. నో మసాలా." పాము వాసన చూసింది, ఆగింది, తల వైపు నుంచి అందుకుంది. చిన్న ఉబ్బు గొంతులోంచి కిందికి జారుతుంటే అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తను నా చెయ్యి పట్టుకుని చాలా కాలమైంది.

తిన్నాక పామును కదపకూడదు. రోజూ పొద్దున్నే, అమ్మాయి లేవకముందే, కక్కిందేమోనని నేను గాజుపెట్టెలోకి తొంగిచూసేదాన్ని. కక్కలేదు. ఉబ్బు తగ్గింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

ఒక మధ్యాహ్నం నేను కింద ల్యాప్‌టాప్ ముందు ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా, స్కూలు నుంచి వచ్చిన అమ్మాయి పైనుంచి పిలిచింది. "మమ్మీ, కమ్. పూప్ చేసింది."

మైక్ ఆపేసి మెట్లెక్కాను. పెట్టె మూలన, పరిచిన కాగితం మీద, ఒక చివర తెల్లగా చిన్న నల్లటి ముద్ద. అంటే అరిగింది. బతుకుతుంది. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయాం.

"ప్రేయర్ చేద్దామా?" అంది అమ్మాయి. చర్చిలో పెదవి కదపని పిల్ల.

"పాము కోసమా?"

"ఆఁ. పాము కోసమే."

కళ్లు మూసుకున్నాం. తనకొచ్చిన తెలుగులో మెల్లగా మొదలుపెట్టింది. కింద ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో నన్నేదో అడుగుతున్నారు. అమ్మాయి ఇంకా ముగించలేదు. నేను కళ్లు తెరవలేదు.