మచ్చల్లేని మచ్చల పీత

ఊళ్ళో అందరి జేబుల్లోనూ ఆవిడ తీసిన ఫోటో ఉంది; ఎవరి గోడ మీదా లేదు. స్టూడియో అక్క తీసేవన్నీ గుర్తింపు కార్డులకు అతికించే బొటనవేలంత బొమ్మలు మరి. తన చేతి ఫోటో ఒక్కటైనా గోడెక్కాలని ఆవిడ ఆశ. దానికి అడ్డం సొంత బావే. ఆయన గ్రంథాలయంలో ఉద్యోగి. అక్కడి హాల్లో ఉన్న ఒకే ఒక్క మేకుకి తాను తీసిన సూర్యాస్తమయాన్ని తగిలించుకుని కూర్చున్నాడు. సముద్రపు ఒడ్డున నీటిగుంటల్లో ఫోటోలు తీస్తానని ఆవిడంటే నవ్వేశాడు.

“ఆ గుంటల్లో ఏముంటాయే మరదలా, నాచూ నత్తలూ తప్ప? నా పొద్దుని దించాలంటే, నడిచేవాడు ఆగి చూసే బొమ్మ తే!”

ఆ పంతంతో, సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా ఆవిడ స్టూడియోకి తాళం వేసేది. రాళ్ళ మధ్య నిలిచిన నీటిగుంటల పక్కన బోర్లా పడుకుని, నీటి మీద ఎండ మెరవకుండా గొడుగు అడ్డం పెట్టి కాచుకునేది. చివరికి ఒకనాడు ఒళ్ళంతా ఎర్రమచ్చలున్న పీత ఒకటి రాతి సందులోంచి బయటికొచ్చింది.

“గడ్డం కొంచెం పైకి... అదీ... కదలకండి,” అంది అలవాటు కొద్దీ. పీతకి గడ్డమెక్కడిది? అయినా పాపం, బుద్ధిగా కూర్చుంది.

మర్నాడు గ్రంథాలయంలో బావ ఆ ఫోటోని ఎగాదిగా చూశాడు. “కింద ఏం రాశావు?”

“మచ్చల పీత.”

“మచ్చలేవే?”

ఆవిడ నాలుక్కరుచుకుంది. కంప్యూటర్ ముందు కూర్చోగానే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మొహాలకి తుడిచినట్టే పీతకీ తుడిచేశాయి. పైగా అసలు ఫోటో మీదే సేవ్ చేసేసింది.

“ఎంత నునుపు తేలిందే! సంబంధాలు చూస్తున్నావా దీనికి?”

“వెటకారం చాలుగానీ, పెన్నిలా తే.”

చీటీ మీద మచ్చల పీత పక్కన “మా స్టూడియోకి వచ్చి వెళ్ళాక” అని చేర్చి, ఫోటోని బావ బల్ల మీదే నిలబెట్టింది.

పుస్తకం తిరిగివ్వడానికి వచ్చిన బస్సు కండక్టరు అది చదివి, పీతని చూసి, జేబులోంచి తన కార్డు తీశాడు. “అక్కా! నా పుట్టుమచ్చని కూడా మింగేశావు కదా! డిపో గేటు దగ్గర నేనే నేనని రోజూ ఒట్టేసి చెప్పుకోవాల్సి వస్తోంది.” వెనక నిలబడ్డవాళ్ళూ కార్డులు తీశారు. హాలంతా నవ్వులు. ఎవరూ కదలరు.

బావ స్టూలెక్కి సూర్యాస్తమయాన్ని దించాడు. దాని వెనక గోడ, తలుపంత మేర, తెల్లగా బయటపడింది. ఆవిడ పీతని అక్కడ ఆనించి చూసింది; ఆ తెలుపులో అది ఓ మూలకే సరిపోయింది.

“మేకు పీకకు బావా,” అంది ఆవిడ, ఫోటోని చంకన పెట్టుకుంటూ. “దీన్ని గోడకి సరిపడా ప్రింటు వేసుకొస్తాను.”