మోస్ట్ రెవరెండ్ మా అయ్యగారు

ఇంగ్లీషులో అర్జీ రాయగలవాడు ఊరికి ఒక్కడుంటే అదే పదివేలు అనుకునే రోజులవి. తొంభైల మొదట్లో మా ఊరికి ఆ ఒక్కణ్ణి నేను. ఉదయగిరికీ ఆత్మకూరుకీ నడుమ, బస్సు ఆగినా ఆగకపోయినా ఎవరూ పట్టించుకోని ఊరు మాది. ఆత్మకూరులో డిగ్రీ సెకండ్ క్లాసులో పాసై, ఉద్యోగం లేక ఇంటి పట్టున ఉండేవాణ్ణి. నాకున్న ఆస్తల్లా ఒక లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ. రోజుకు పది మాటలు బట్టీ పట్టి, వాడే చోటు లేక మా గేదెకు అప్పజెప్పేవాణ్ణి. (అది నన్ను గౌరవంగానే చూసేది. ఇంట్లో మిగతావాళ్ల సంగతి అలా లేదు.)

మా చర్చికి ఇరవై ఏళ్లుగా ఒకే అయ్యగారు. ఆయనకు ఆర్డినేషను కాలేదు. అది అయితేగాని పేరు ముందు రెవరెండ్ పెట్టుకోకూడదు, ప్రభు బల్ల ఇవ్వకూడదు. అందుకని నెలకోసారి ఉదయగిరి నుంచి ఒక రెవరెండ్ గారు వచ్చి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి, మధ్యాహ్నం కోడికూర తిని వెళ్లేవారు. ఆయన పక్కన మా అయ్యగారు పళ్లెం పట్టుకుని నిలబడేవారు. మిగతా రోజుల్లో జ్వరానికి ప్రార్థన, మొగుడూపెళ్లాల తగాదాకు తీర్పు, చావుకు మట్టి, అన్నీ మా అయ్యగారే.

అలాంటి మనిషిని బదిలీ చేస్తారని ఊళ్లో పుకారు పుట్టింది. అందరికంటే ఎక్కువ గాబరా పడింది మా అవ్వ, నాయన తల్లి. ఎనభై దాటిన మనిషి. "నన్ను మట్టి చేసేది ఈ అయ్యగారే. ముందే మాట తీసుకోనుండాను. ఇంకొకడు వస్తే నేను చావను, అంతే," అని తేల్చేసింది. అనడమంటూ జరిగితే చేసి తీరే మనిషి కాబట్టి మా అమ్మ ముఖంలో కొంచెం దిగులు కనిపించింది.

"అబ్బయా, నెల్లూరు చర్చి పెద్దలకు కాయితం రాయి," అంది అవ్వ. "'మా అయ్యగారు మంచోడు. మాకు కావాల. ఉంచండి.' ఇంతే రాయి."

నేను జాలిగా నవ్వాను. "అట్లా రాస్తే చెత్తబుట్టలో ఏస్తారవ్వా. విశేషణాలు పడాల."

"అవేందిరా?"

"పొగిడే మాటలు."

"ఎక్కువ పొగడబాక. దిష్టి తగులుతాది."

చదువుకోనివాళ్ల మాటలు చదువుకున్నవాళ్లు వింటారా! రెండు రోజులు డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. మొదటి పేరాలో ఆయన్ను రెవరెండ్ అన్నాను. కాలేదని తెలుసు, అయినా అర్జీలో ఆ మాత్రం లేకపోతే ఎట్లా? తీరా చూస్తే డిక్షనరీలో ఆ మాటకు పైమెట్లు ఉన్నాయి. రెండో పేరాలో వెరీ రెవరెండ్ చేశాను. మూడో పేరాలో రైట్ రెవరెండ్. అది బిషప్పులకు వాడతారని పక్కనే రాసుంది. మా బాప్టిస్టుల్లో బిషప్పే లేడు కాబట్టి ఎవరూ అడ్డం రారనుకున్నాను. చివరి పేరాకి మోస్ట్ రెవరెండ్ అయ్యారు. మధ్యలో వెనరబుల్, పయస్, ఎరుడైట్ ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోబెట్టాను. అర్జీ అయ్యేసరికి మా అయ్యగారు రోములో పోపుకి రెండడుగుల దూరంలో ఆగారు, అదీ కాగితం అయిపోయినందువల్ల.

ఆత్మకూరు డిపో దగ్గర టైపు చేయించాను. టైపు చేసే అతను సగంలో ఆగి, "ఎవురన్నా ఇంత పెద్దాయన?" అన్నాడు.

"మా ఊరి అయ్యగారు."

"ఇంత పెద్దాయన మీ ఊళ్లో ఎందుకుండాడు?"

మెప్పుకోలు అనుకుని పొంగిపోయాను. సంఘ పెద్దలు సంతకాలు పెట్టారు, మిగతావాళ్లు వేలిముద్రలు వేశారు.

రెండు నెలలకు జవాబొచ్చింది, ఇంగ్లీషులోనే. ఆదివారం ఆరాధన కాగానే తెలుగులో చదివి చెప్పమని నన్ను ముందుకు పిలిచారు. చెప్పాను. ఇంతటి దైవజనుణ్ణి ఇన్నేళ్లు మారుమూల ఊళ్లో ఉంచినందుకు చింతిస్తున్నాము. మీ అర్జీ అందేదాకా మాకు ఈ సంగతే తెలియదు. ఆయనకు వెంటనే ఆర్డినేషను చేసి ఆత్మకూరు పెద్ద చర్చికి పంపుతున్నాము. (ఆయన పేరు అసలు బదిలీల జాబితాలోనే లేదని తర్వాత తెలిసింది.) చర్చి అంతా నా వైపే చూస్తోంది. అయ్యగారు మాత్రం తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన ఇరవై ఏళ్లుగా పళ్లెం పట్టుకుని నిలబడిన సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది, సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

అవ్వకు ఆ ఇబ్బంది లేదు. "చెప్పినానా లేదా? నెల్లూరోళ్ల దిష్టే తగిలింది. ఒరే ఇంగ్లీషోడా, ఇప్పుడు నేనెట్లా చావాల్రా?"

బస్సెక్కే రోజు అయ్యగారు నా భుజం మీద చెయ్యేసి, "అవ్వ ఏం రాయమనింది నాయనా?" అని అడిగారు. చెప్పాను. "అదే రాసుంటే సరిపోయేది," అన్నారు.

తర్వాత మా చర్చికి ముగ్గురు అయ్యగార్లు వచ్చి వెళ్లారు. ముగ్గురి హయాంలోనూ అవ్వ చావలేదు. నెల మొదటి ఆదివారం నేనే ఆమెను బస్సులో ఆత్మకూరుకు తీసుకుపోయి, ఆయన చేతి రొట్టె ఇప్పించి తీసుకురావాలి. నాకు వేసిన శిక్ష అది. ఏడేళ్లు అనుభవించాను. ఎనిమిదో ఏడు అవ్వ మంచం పట్టింది. మొదటి బస్సుకు వెళ్లి అయ్యగారిని తీసుకొచ్చాను. కళ్లు తెరిచి చూసి, "వచ్చినావా అయ్యా. ఇంక సరే," అంది. మర్నాడు పోయింది.

అప్పటికి నేను ఇంగ్లీషు మేష్టర్ని. సమాధి దగ్గర చదవమని అవ్వ గురించి ఒక పేజీ రాసి అయ్యగారికిచ్చాను. తెలుగులోనే రాసినా విశేషణాలకు లోటు చేయలేదు. ఆయన ఓపిగ్గా అంతా చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, గుంత వైపు తిరిగి అన్నారు. "ప్రభువా, ఈమె మంచిది. మాకు కావాల." వంగి గుప్పెడు మట్టి తీసుకున్నారు. "ఉంచమని అడిగే కాలం అయిపోయింది. నువ్వే ఉంచుకో." నేను అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పటికీ అర్జీ రాసిపెట్టమని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఏం చెప్పాలనుకుంటున్నారో అడిగి, అంతే రాసిస్తాను. మూడు వాక్యాలు దాటదు. కాగితం తిప్పి వెనక కూడా చూసుకుని, ఈ మేష్టారికి ఇంగ్లీషు పెద్దగా రాదని మా వైపు చెప్పుకుంటున్నారట. అది వచ్చిన రోజుల్లో ఏం జరిగిందో పాపం వాళ్లకు తెలియదు.