ఓబులేసు పాదం కొలిచిన దారం

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో మహానగరం ఉంది, రైలు ప్రయాణం ఉంది, జనసముద్రం చూస్తుండగా జరిగిన పందెం ఉంది, స్నేహద్రోహం ఉంది, ఎనిమిదేళ్లుగా నేను గుండె మీద మోస్తున్న బరువు ఉంది.

అంత లేదు. జనసముద్రం అంటే రెండు వందల మంది. అందులో సగం మంది బస్సు రాక, నీడ కోసం వచ్చి నిలబడ్డవాళ్లు. ఆ బరువు కూడా తక్కెడలో పెడితే ముల్లు కదలదు. అది మూరెడు పట్టుదారం. అయినా మోశాను. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. ఇద్దరి మధ్య ఇంతకన్నా సౌకర్యమైన స్నేహం ఉండదు.

ఓబులేసుది ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లు. వాళ్ల నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పట్టుచీరలు నేసేవాడు. వాళ్లమ్మ నారాయణమ్మ పట్టుకు రంగు వేసి, జాడించి, ఆరేసి, పోగులు పేనేది. ఏ రోజు ఏ రంగు పని నడుస్తున్నదో ఆమె చేతులు చూస్తే తెలిసిపోయేది. అదే వీధి చివర మా నాయన టైలరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నాకు సిగ్గుచేటుగా పనికొస్తుంది.

పంతొమ్మిదేళ్ల వయసులో మా ఇద్దరికీ పరుగు పిచ్చి. సరిగ్గా చెప్పాలంటే పిచ్చి వాడిది, తోడు నాది. రోజూ తెల్లవారగానే వట్టికాళ్లతో చిత్రావతిలో పరుగెత్తేవాళ్లం. ఏట్లో ఎలా పరుగెత్తారని అడిగితే మీరు మా జిల్లా వాళ్లు కారు. మా ఏట్లో నీళ్లు రావడం విశేషం, ఇసుక ఉండటం మామూలు. వాడు ముందు, నేను వెనక. తిరిగి వచ్చేటప్పుడు ఇసుకలో మా అడుగులు పక్కపక్కనే కనిపించేవి. వాడి అడుగు నా అడుగు కంటే బొటనవేలంత పొడవు. రెండేళ్లు ప్రతి పొద్దునా చూశాను. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. నేనైతే మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను.

అనంతపురంలో జిల్లా పోటీలు జరిగేవి. వాడు పరుగెత్తేది ఐదు వేల మీటర్లు. ముందటేడు గరుసు నేలలో కాళ్లు చీరుకుపోయి చివరి రౌండులో వెనకబడ్డాడు. ఈసారి మొదట వచ్చినవాణ్ని హైదరాబాదులో శిక్షణకు తీసుకుంటారని తెలిసింది. వాళ్ల నాయన గుంతలోంచి తల ఎత్తకుండానే ఒప్పందం చెప్పాడు: “ఫస్టొస్తే పోరా, నేనడ్డం రాను. రాకుంటే మాత్రం వచ్చి ఈడ కూసో. మల్ల పరుగు మాట ఎత్తగూడదు.”

కాబట్టి బూట్లు కావాలి. పరుగు బూట్లు మా ఊళ్లో లేవు. బెంగళూరులో ఉన్నాయి. శనివారం పోయి ఆదివారం రావాలి.

ఆ రెండు రోజుల ప్రయాణానికి ఓబులేసు వేసినంత ప్లాను ఎవరూ వేసి ఉండరు. చీర అంచు డిజైను గీసే గళ్ల కాగితం ఒకటి తెచ్చాడు. ఒక్కో గడి పావుగంట. రైలుకు నీలం పెన్సిలు, పరుగుకు ఎరుపు, అంగళ్లకు పచ్చ. శనివారం మధ్యాహ్నం దిగగానే సత్రం, సాయంత్రం పెద్ద పార్కులో పరుగు, ఆదివారం పొద్దున మళ్లీ పరుగు, మధ్యాహ్నం దాకా తెరిచి ఉండే ఒక ఆటసామాన్ల అంగడి, ఆ తర్వాత రైలు. టీ తాగడానికి కూడా ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలాడు, టీకి రంగు పెన్సిలు లేదని. వాళ్ల నాయన ఆ కాగితం తీసి చూసి, “అంచు బాగుండాది గానీ, ఈ ఎరుపు యాల నడిమధ్యలో తెగిపోయినాది?” అన్నాడు. అది రాత్రి నిద్ర అని చెప్పలేక ఓబులేసు తల గోక్కున్నాడు.

శుక్రవారం కబురు వచ్చింది. మగ్గం మీదున్న పెళ్లిచీర సోమవారానికి దిగాలి. తండ్రీకొడుకులిద్దరూ కూర్చుంటే తప్ప దిగదు. ఓబులేసు ఇల్లు కదలడానికి వీల్లేదు. తన ప్లానును తనే మడిచి, దాచుకున్న దుడ్లతో పాటు నా చేతిలో పెట్టాడు.

ఇక మిగిలింది పాదం. మాకు నెంబర్లు తెలియవు. మా చెప్పులు కుట్టేవాడు కాలు చూసి కుడతాడు, నెంబరు అడగడు. నారాయణమ్మ పెరట్లో నెమలి రంగు పట్టు జాడిస్తున్నదల్లా లేచి వచ్చి, నాలుగు పోగులు పేనిన దారం తీసి, కొడుకును గోడకు మడమ ఆనించి నిలబెట్టి, వంగి కొలిచింది. మడమ దగ్గర ఒక ముడి, బొటనవేలి దగ్గర ఒక ముడి. రెండు ముళ్ల మధ్య ఓబులేసు పాదం. “జాగ్రత్త నాయనా” అని నా జేబులో పెట్టింది.

బెంగళూరు పార్కులో అన్ని చెట్లు ఒకేచోట చూసి, ఇవి నిజం చెట్లేనా అని కాసేపు నాకు అనుమానం వచ్చింది. మా వైపు చెట్టుకూ చెట్టుకూ మధ్య పలకరింపులు కూడా ఉండవు. కాగితంలో ఎర్ర గడులు మొదలయ్యే వేళకు సరిగ్గా పరుగు మొదలుపెట్టాను. నాలుగో గడిలో నా నిక్కరు నాడా తెగింది. టైలరు కొడుకు నిక్కరు. పార్కు నిండా కుటుంబాలు. ఒక చేత్తో నిక్కరు పట్టుకుని, ఇంకో చేత్తో జేబు వెతికితే దొరికింది ఒకటే. దాంతో నాడా తెగిన కొసలు కలిపి కట్టాను. ఒక ముడి చాల్లేదు. ఇంకోటి వేశాను. ఇంకోటి.

గర్వంగా చెప్పాలి, ధర్మవరం పట్టు తెగలేదు. ఎనిమిది రౌండ్లు పరుగెత్తాను. సత్రానికి వచ్చి చూస్తే చెమటకు తడిసి ముళ్లు గింజల్లా బిగుసుకున్నాయి. బ్లేడుతో కోశాక రెండు ముక్కలు చేతికొచ్చాయి. రెంటిలో కలిపి ఐదు ముళ్లు. ఏ రెంటి మధ్య పాదం ఉందో ఆ దేవుడికీ తెలియదు. కిటికీలోంచి పారేశాను.

ఇంతవరకు జరిగింది ప్రమాదం. ఇంతవరకే అయితే నేను ఈ కాగితం ముందు కూర్చునేవాణ్ని కాదు.

మరుసటి రోజు అంగడివాడు కన్నడంలో సైజు అడిగాడు. తెల్ల బూట్లు, పక్కన నీలం చార. నా కాలికి ఒక జత తొడిగాడు. జీవితంలో నా కాలికి బూటు పడటం అదే మొదటిసారి. లేచి నాలుగడుగులు వేశాను. నేల మెత్తబడిందనుకున్నాను. “నీకేనా?” అన్నాడు అంగడివాడు. “స్నేహితుడికి. వాడూ నా అంతే ఉంటాడు” అన్నాను.

ఇసుకలో అడుగులు అప్పుడు గుర్తుకు రాలేదని చెప్పొచ్చు. చాలాకాలం నాకు నేను అలాగే చెప్పుకున్నాను. గుర్తుకు వచ్చాయి. పక్కపక్కనే, బొటనవేలంత తేడాతో, స్పష్టంగా వచ్చాయి. అయినా ఒక నెంబరు పెద్దది చూపించమని ఎందుకు అడగలేదు? దారం పోయిందని చెప్పాల్సి వస్తుందనా? ఎవరికి చెప్పాలి, అంగడివాడికా? కాదు. ఆ నాలుగడుగులు వేసినప్పుడే నా లోపల ఒకడు నెమ్మదిగా ఒక లెక్క వేశాడు: ఇవి ఓబులేసుకు పట్టకపోతే, ఇంకెవరికి పడతాయి? వాడే ఇచ్చేస్తాడు. వాడిది ఇచ్చే బుద్ధి. నేను అడగాల్సిన పని కూడా లేదు.

ఇదీ నా ద్రోహం. చూశారా, దొంగతనం చేసే ధైర్యం కూడా లేనివాడి దొంగతనం.

ఆ సాయంత్రం వాళ్లింట్లో ఓబులేసు బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. ముందు వాసన చూశాడు. తర్వాత కాలు దూర్చాడు. మడమ బయటే ఆగిపోయింది. గోడ పట్టుకుని, పళ్లు బిగించి, తోశాడు. దిగింది.

“దారం సరిగ్గా పెట్టి చూసినావా ప్పా?”

“పెట్టినా.”

“మరి ఇంత బిగుతుగా ఉండాదే?”

అప్పుడు నేను నా వృత్తి చేశాను, అంటే జోకు వేశాను. “నాదేముండాది ప్పా. మీ అమ్మ తడి చేత్తో కొలిచినాది. పట్టు గదా, తడిలో సాగినాది, రైల్లో ఎండి ముడుచుకున్యాది. నీ కాలు గుంతకల్లు చేరేలోపల ఒక అంగుళం తగ్గిపోయినాదిలే.”

బెంగళూరు రైలుకు గుంతకల్లు దారిలో తగలదు. అంత తొందరలో కట్టిన అబద్ధం అది. ఎవరూ నవ్వలేదు. వాళ్లు పట్టు పని చేసేవాళ్లు. తడి పట్టు సాగుతుందని, ఎండితే ముడుచుకుంటుందని నాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఇంకెవరి ఇంట్లోనైనా ఆ మాట గాలికి పోయేది. ఆ ఇంట్లో శాస్త్రమైపోయింది. నారాయణమ్మ తన చేతులు తిప్పి చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా నెమలి రంగు.

“ఔ నాయనా,” అంది. “ఆ పొద్దు చెయ్యి తుడుచుకోకనే వచ్చినా.”

నోరు తెరవడానికి అదే సమయం. తెరిచాను. “ఏమన్నా తినేదానికి ఉండాదా చిన్నమ్మా” అన్నాను.

ఇక వాడు నాకు బూట్లు ఇచ్చేస్తాడని వేసిన లెక్క. ఇవ్వలేదు. అంత దూరం నుంచి వచ్చినవి, సాగుతాయిలే అన్నాడు. మూడు వారాలు నూనె రాశాడు, పొద్దున ఇసుకలో తొడుక్కుని నడిచాడు, రాత్రి లోపల గుడ్డలు కుక్కాడు. కొంచెం సాగాయి. బొటనవేలంత సాగలేదు.

పందెం రోజు తొమ్మిది రౌండ్ల దాకా వాడే ముందు, నేను ఎప్పటిలాగే వెనక. పదో రౌండులో నడక మారింది. పక్కకు తప్పుకుని కూర్చుని లేసులు విప్పడం మొదలుపెట్టాడు. లేసులు బిగుసుకున్నాయి. ముళ్లు ఎలా బిగుసుకుంటాయో నాకు తెలుసు. లేచి, రెండు బూట్లూ రెండు చేతుల్లో పట్టుకుని పరుగెత్తాడు. పారేయలేదు. కొత్తవి కదా. జనం నవ్వారు. వాడు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి రెండోవాడిగా ముగించాడు. మొదటివాడికి వీడికి మధ్య ఎంత దూరమో చెప్పను. తక్కువ. నేను పంతొమ్మిదో స్థానంలో వచ్చాను, కానీ దాని గురించి ఎవరూ అడగరు.

సోమవారం ఓబులేసు గుంతలో కూర్చున్నాడు.

ఇక్కడ మీరు కన్నీళ్లకు సిద్ధమవుతున్నట్టయితే ఆగండి. వాడు బాగున్నాడు. బెంగళూరు ప్లాను గీసిన చెయ్యే ఇప్పుడు అంచులు గీస్తున్నది. వాడి గళ్ల కాగితం కోసం వేరే వీధుల వాళ్లు వస్తారు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు, కొంచెం పొట్ట. ఇప్పటికీ పొద్దున వట్టికాళ్లతో ఏట్లో పరుగెత్తుతాడు. ఆ బూట్లు మగ్గానికి వేలాడుతున్నాయి. పడుగు, అంటే నిలువు పోగులు, బిగువుగా ఉండటానికి అందరూ తాడు చివర ఇసుక సంచి కడతారు, వాళ్లింట్లో ఇసుక నింపిన రెండు బూట్లు కట్టారు. చక్కగా పనిచేస్తున్నాయి. నేను రాయదుర్గంలో జీన్సు కుట్టే షెడ్డులో కటింగు మాస్టరుని. రోజంతా మెడలో టేపు. కొలతల విషయంలో నన్ను నమ్మవచ్చని అక్కడ పేరు.

వాడు సుఖంగా ఉన్నాడు కాబట్టి నా తప్పు తగ్గిందా? కొన్నాళ్లు తగ్గిందనే అనుకున్నాను. తగ్గలేదు, వాడి మీద నుంచి లేచి వాళ్లమ్మ మీద కూర్చుంది. ఎవరింట్లో ఎవరు దారంతో ఏం కొలుస్తున్నా నారాయణమ్మ అడ్డం వస్తుంది. “చేతులు తుడుచుకోండే. నేను తడి చేత్తో కొలిచి నా కొడుకు పరుగు పోగొట్టినా.” ఏడుస్తూ అనదు. కూరలో ఉప్పు చాలదన్నట్టు అంటుంది. ఎనిమిదేళ్లుగా. నా జోకుల్లో ఇంతకాలం నిలిచింది ఇదొక్కటే.

పోయిన నెల వాళ్లింటికి పోయాను. ఓబులేసుకు పరుగు నిక్కరు ఒకటి కుట్టివ్వమంది నారాయణమ్మ. టేపు తెచ్చుకోలేదు. ఆమె దారం తీసింది. పొడి దారమే. అయినా తీసుకుపోయి ఎండలో బండ మీద పరిచి, పక్కనే కూర్చుంది. ఓబులేసు గుంతలోంచి, “అమ్మా, ఇంగా అదేనా” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతులు పైటకు రెండుసార్లు తుడుచుకుని, కొడుకు నడుము కొలిచి, రెండు ముళ్లు వేసి నా చేతిలో పెట్టింది.

“ఈతూరి ఎండబెట్టినా నాయనా. నా చెయ్యి నమ్మేదానికి లేదు.”

నేను అప్పుడైనా చెప్పి ఉండాలి. దారం జేబులో పెట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా జేబు మీద చెయ్యి తీయలేదు, ఇప్పుడు పోతే ఏదో మునిగిపోతుందన్నట్టు.

ఆమె చెయ్యి సరిగ్గానే కొలిచింది. ఆ రోజు కూడా. నాలుగు పోగుల దారం ఆ మాత్రం తడికి సాగలేదు, ముడుచుకోలేదు. అది నా నిక్కరు పట్టుకుని ఎనిమిది రౌండ్లు పరుగెత్తింది. ఇదీ నేను చెప్పాల్సింది. చెప్పేశాను.

ఇది అచ్చయితే ఆమె చదవదు, చదువు రాదు. ఓబులేసు చదవొచ్చు. వాడి పేరు, వాళ్లమ్మ పేరు మార్చాను కానీ మగ్గానికి బూట్లు వేలాడే ఇల్లు ధర్మవరంలో ఒకటే. చదివితే వాళ్లమ్మకు చదివి వినిపిస్తాడు. ఆ తర్వాత నాకు ఆ ఇంట్లో అన్నం పెడతారో లేదో తెలియదు. పెట్టమని అడగను. రాస్తుంటే ఆకలి మాత్రం బాగా అయింది.

నిక్కరు కుట్టి నిన్ననే బస్సులో పంపించాను. నడుము కొలత అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. ఎలాస్టిక్ వేశాను.