హిందీ అయ్యవారి తర్జుమా

పాకాలలో మాకు హిందీ చెప్పిన అయ్యవారు, ఢిల్లీ నాయకులు ఎవరొచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేవారు. ఎమర్జెన్సీలో వచ్చినాయన కొందరిని జైల్లో పెట్టక తప్పలేదంటే, అయ్యవారు అంతకంటే గట్టిగా చెప్పి చప్పట్లు కొట్టించారు. ప్రభుత్వం మారాక వచ్చినాయన తన జైలు కష్టాలు చెప్పుకుంటే, కళ్లు తుడుచుకుంటూ చెప్పారు. ఆ కన్నీళ్లు కూడా తర్జుమావే.

ఆ సభలోనే స్టేషన్ దగ్గర జట్కా తోలే ఆయన లేచాడు. అతని తమ్ముణ్ణి ఎమర్జెన్సీలో పోలీసులు పట్టుకుపోయారు. జైళ్లు తెరిచినా అతను ఇల్లు చేరలేదు.

"నా తమ్ముడు యాడుండాడో ఆ పెద్దాయన్ను అడగండి సామీ" అన్నాడు.

వేదిక పక్కనున్న పోలీసు అధికారి అయ్యవారి వైపు చూశాడు. అయ్యవారు గొంతు సవరించుకుని, వీళ్ల వీధికి తాగునీళ్లు లేవట అని హిందీలో చెప్పారు. ఆయన నేర్పిన హిందీయే కాబట్టి నాకు అర్థమైంది. నాయకుడు కొళాయి వేయిస్తానని మాటిచ్చాడు.

"కనుక్కుంటామంటుండారప్పా" అన్నారు అయ్యవారు తెలుగులో. జట్కా ఆయన చేతులెత్తి దండం పెట్టాడు.

రెండు నెలలకు ఆ వీధికి నిజంగానే కొళాయి వచ్చింది. దాన్ని చూడవచ్చిన అయ్యవారిని జట్కా ఆయన మెల్లగా అడిగాడు.

"తమ్ముడి సంగతి ఏమన్నా తెలిసిందా సామీ?"

అడిగింది తెలుగులోనే. చెప్పాల్సిందీ తెలుగులోనే. అయ్యవారు కొళాయి తిప్పి, "నీళ్లు బాగానే వస్తుండాయప్పా" అన్నారు.