తిన్నదా అని అడిగిన పెద్దమ్మ

నాందేడ్ రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి పెద్దమ్మ ఎవరింటికీ పెద్దగా వెళ్లేది కాదు. మా మగ కుందేలుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తెచ్చిన రోజు మాత్రం పిలవకుండానే వచ్చింది.

"తిన్నదా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా. మత్తు దిగలే, పండుకోనీ అనుకున్న."

"అట్ల ఇడిసిపెట్టకు బిడ్డా. కుందేలు కడుపు ఖాళీగ ఉండొద్దు. పెంటికలు ఏసిందా సూడు."

ఒక్కటీ లేదు. కుందేలు మూలన ముడుచుకుని నొప్పికి పళ్లు కొరుకుతోంది. ఆమె దాన్ని తువ్వాలులో చుట్టి, నాచేత డాక్టరుకు ఫోన్ చేయించింది. ఆయన చెప్పినట్టే నొప్పికి మందు వేశాం, మెత్తటి మేత సిరంజితో కొద్దికొద్దిగా పట్టాం. గంటకోసారి వచ్చి ఆమె అదే మాట అడిగేది. "తిన్నదా?" ఆ గొంతు వింటే నాకు భయం వేసేది.

మర్నాడు పొద్దున కుందేలు కొత్తిమీర కాడ కొరికింది. కాసేపటికి పెంటికలు వేసింది. నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ నవ్వలేదు. దాని వీపు మీద చెయ్యి వేసింది.

"మా కుందేలుకు గూడ గిదే ఆపరేషన్ చేపిచ్చినం," అంది. "కిక్కురుమనకుండ కూసున్నది. హాయిగ పండుకున్నదనుకోని, అది సచ్చెదాక నేనే ఎవ్వర్నీ ముట్టనియ్యలే."